మొదటి గడి

మొన్నీమధ్య నేను మా చెల్లెలి అత్తగారి మీద గెలిచాను. కథ అక్కడే మొదలైంది కాబట్టి అక్కణ్నుంచే ఎత్తుకుంటాను.

చెల్లికి కొడుకు పుట్టి అప్పటికి తొమ్మిది రోజులైంది. ఐదో రోజు నుంచీ వాడు తాగిన పాలు తాగినట్టే కక్కుతున్నాడు. కళ్లు పసుపు తిరిగాయి. పిల్లల డాక్టరు చూసి, పుట్టిన పిల్లలకి కామెర్లు మామూలేనని చెప్పి పంపేశాడు. చెల్లెలి అత్తగారు మాత్రం, "వీడికి పాలు పడట్లేదు, ఆపి చూద్దాం" అంది. తల్లిపాలు ఆపడమా! నేను ఊరుకుంటానా? పాలు పడతాయో పడవో చెప్పే స్ట్రిప్పుల్ని తయారుచేసేదాన్నే నేనాయె. బ్యాగులోంచి ఒకటి తీసి, వాడి మూత్రం చుక్క వేసి, ఐదు నిమిషాలు ఆగి, రంగుల కార్డు పక్కన పెట్టి, మొదటి గడితో సరిపోయిందని ఇంటిల్లిపాదికీ చూపించాను. మొదటి గడి అంటే భయం లేదని అర్థం. ఆవిడ మారు మాట్లాడకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. వెళ్తున్నావిడకి వినపడేలా ఇంకో మాట కూడా అన్నాను. "గంట గంటకీ పట్టండి. నీరసపడ్డ పిల్లాడికి పాలే మందు." ఇది జరిగి మూడు రోజులు. ఆ మాట నాదే, ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

మా పని సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. ఏ కొద్దిమందో పిల్లలు పాలలో ఉండే గాలక్టోజ్ అనే చక్కెరని ఒంటికి పట్టించుకోలేకుండా పుడతారు. వాళ్లకి కన్నతల్లి పాలే విషం. వెంటనే మాన్పించి, ఆ చక్కెర లేని డబ్బాపాలు పడితే పిల్లాడు దక్కుతాడు. ఆలస్యమైతే ముందు కాలేయం పోతుంది, తర్వాత పిల్లాడు పోతాడు. మా స్ట్రిప్పు మీద ఆ చక్కెరని మాత్రమే పట్టుకునే ఎంజైమ్ ఒకటుంటుంది. అది చక్కెర దొరకగానే పెరాక్సైడ్‌ని పుట్టిస్తుంది. ఆ పెరాక్సైడ్‌ని మా నల్లపొడి అందుకుని, రంగులేని మందుని నీలంగా మారుస్తుంది. చక్కెర ఎంత ఎక్కువైతే నీలం అంత ముదురు. మామూలుగా ఈ రెండో పనికి కూడా అసలు ఎంజైమే కావాలి, అదేమో ఫ్రిజ్ లేకపోతే పాడైపోతుంది. మా పొడి ఇనుప తుప్పుకి దగ్గర చుట్టం. కంటికి ఆననంత సన్నటి రేణువులుగా చేస్తే చాలు, ఎంజైమ్ వేషం కట్టి ఎంజైమ్ పని చేసేస్తుంది. అలమరలో పడేసినా చెక్కుచెదరదు. దాన్ని తయారుచేసిన మా యజమానిని అందరం పొడి డాక్టరు అంటాం. తుప్పు అంటే మాత్రం ఆయనకి కోపం.

కార్డు మీద ఐదు గడులుంటాయి. మొదటిది చక్కెర లేనట్టు. రెండోది కనిపించిందంటే పాలు ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. మిగతా మూడూ ఇంకా ముదురు నీలాలు. మిషన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, నర్సు కళ్లుంటే చాలు. మా గొప్పంతా అదే, మా కొంప మునిగిందీ అక్కడే.

ఈ రోజు పొద్దున పదకొండింటికి బాబాయి వచ్చాడు. ఆయన నాకు చుట్టం కాదు, ఇక్కడ పనిచేసే ఆరుగురికీ బాబాయే. నలభై ఏళ్లు బట్టల మిల్లులో రంగులు కలిపిన మనిషి. తెలుపులో పద్దెనిమిది రకాలు చెప్పగలడని పేరు. ఒకసారి మా రంగులు కొలిచే మిషన్‌కీ ఆయనకీ పేచీ వచ్చింది. మిషన్ ఒకటి చెప్పింది, ఆయన కాదన్నాడు. వారం కొట్టుకున్నాక తేలిందేమిటంటే, మిషన్‌లో బల్బు పాతబడింది. ఆ రోజు నుంచీ మాకో ఆనవాయితీ వచ్చి పడింది. కార్డు మీది ఏ గడి అచ్చుకి వెళ్లాలన్నా, మధ్యాహ్నం వెలుతురులో ఉత్తరపు కిటికీ దగ్గర బాబాయి చూడాలి, అట్ట వెనక సంతకం పెట్టాలి. మిషన్ మీద గుడ్డ కప్పేశాం. ఇప్పుడు దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటున్నాం.

కంట్లో శుక్లాలని రెండు వారాలు సెలవు పెట్టాడాయన. కుడికంటికి ఆపరేషన్ అయింది, ఎడమదానికి వచ్చే నెల.

"పటాసూ! ఎక్కడున్నావే?" అంటూ వచ్చాడు. నా నోరు పేలుతుందని ఆయన పెట్టిన పేరది.

"ఇక్కడే ఉన్నా. చేతులు ఖాళీ లేవు. కన్నెలా ఉంది?" అన్నాను. నేను తడి కాగితాల మీద పొడి కలిపిన ద్రావకం పోస్తున్నాను. స్ట్రిప్పులు ఎగిరిపోతాయని మేం ఫ్యాను వేసుకోం, అందుకని ఆ గదిలో ఎప్పుడూ చెమటే.

"ఏం చెప్పమంటావు! మా ఆవిడ మొహం మీద మచ్చలన్నీ లెక్కపెట్టేస్తున్నా. పాత కన్నే మళ్లీ పెట్టేస్తారా అని డాక్టర్ని అడిగాను."

"పిన్ని విందా?"

"విన్నాకే కదా నేను బువ్వ లేకుండా పనిలోకి వచ్చింది!" నల్లకళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇంకో వింత చెప్పనా? నిన్న తెల్లచొక్కా తీస్తే నీలంగా కనబడింది. ఇంత నీలిమందు గుమ్మరించావేమిటే అని మా ఆవిడ మీద అరిచాను. ముప్పై ఏళ్లుగా అంతే వేస్తున్నాను, ఈ మధ్య మీకే కనబడలేదు అంది."

నేను నవ్వాను. నవ్వుతూనే పళ్లెం పక్కకి జరిపాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకి నా మూతి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

బాబాయి గోడకి తగిలించిన పెద్ద కార్డు ముందు ఆగాడు.

"దీన్నెవరు మార్చారు?"

"దేన్ని?"

"మొదటి గడిని. నేను తెలుపు ఇచ్చాను కదే. ఇదేంటి, నీలం కొడుతోంది? రెండు వారాలు నేను లేకపోతే అచ్చువాడు ఇలా తగలేస్తాడా?"

"ఎవరూ మార్చలేదు బాబాయ్. మీరిచ్చిందే అది."

"నేనిలాంటిది ఇస్తానా? ఫోను చేసి వాణ్ని పిలువు."

ఆయన పేచీ తేలకపోతే ఆ రోజు పని సాగదు. అందుకని అలమర తీసి, అచ్చుకి వెళ్లిన అసలు అట్టని తెచ్చి చేతిలో పెట్టాను. వెనక్కి తిప్పి చూసుకున్నాడు. ఆయన సంతకమే, ఆయన తేదీయే, మూడు నెలల కిందటిది. అట్టని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఎడమకన్ను మీద అరచెయ్యి పెట్టుకుని చూశాడు. చెయ్యి మార్చి కుడికన్ను మూసుకుని చూశాడు. మళ్లీ మార్చాడు. మళ్లీ మళ్లీ మార్చాడు.

"ఏమైంది?"

"ఈ కంటికి నీలం," అన్నాడు. చెయ్యి ఇటు జరిపాడు. "ఈ కంటికి తెలుపు."

నాకు అర్థం కావడానికి నిమిషం పట్టింది. శుక్లం ముదిరిన కన్ను పసుపు అద్దంలోంచి చూసినట్టు చూస్తుంది. ముదురు నీలాన్ని ఎలాగో పోల్చుకుంటుంది గానీ లేతనీలం ఆ పసుపులో మునిగిపోయి తెలుపైపోతుంది. మూడు నెలల కింద ఆయన రెండు కళ్లూ అలాగే ఉన్నాయి. అచ్చువాడు లేతనీలం తగిలిన గడి తెస్తే, చక్కెర లేని స్ట్రిప్పు పక్కన పెట్టి చూసి, రెండూ తెలుపేనని సంతకం పెట్టాడు.

"బాబాయ్, రెండో గడికి ఉండాల్సిన రంగు..."

"మొదటి గడిలో కూచుంది," అన్నాడాయన.

నా నోరు ఊరుకోలేదు. "కళ్లు ఆనడం లేదని ఒక్క ముక్క చెబితే ఏం పోయేది? ఇవి పసిపిల్లల కార్డులు, మీ చొక్కాలు కావు!"

"ఎవరు చెబుతారే? నాలుక చచ్చిందని వంటవాడు చెబుతాడా?" ఆయన గొంతూ లేచింది. "పేపరులో అక్షరాలు అలుక్కుపోతున్నాయనుకున్నాను. రంగులు పోయాయనుకోలేదు. రంగులు నాకు పోతాయని కలలో కూడా అనుకోలేదు."

"అనుకోవాల్సింది!"

"అరవకు. నీకేమైంది? నీకు శుక్లాలు లేవుగా. రోజూ ఈ గోడ ముందే కూచుంటావుగా. నీకు మొదటి గడి ఏ రంగులో కనబడింది?"

నేను మళ్లీ కార్డు వైపు చూశాను.

"చెప్పవే, ఏ రంగు?"

"నీలం," అన్నాను. "లేతనీలం."

"మరి చెప్పలేదేం?"

"మీకు తెలుసనుకున్నాను."

అదే నిజం. మా పాతపొడికి ఒక చెడ్డ అలవాటుండేది. చక్కెర లేకపోయినా ఊరికే కొంచెం నీలం తిరిగేది. పొడి డాక్టరు నాలుగు నెలలు తంటాలుపడి కొత్తపొడి చేశాడు, అది చక్కెర లేకపోతే తెల్లగానే ఉంటుంది. మొదటి గడి లేతనీలంగా రావడం చూసి, పొడి అలవాటుని లెక్కలోకి తీసుకుని బాబాయి కావాలనే అలా వదిలాడనుకున్నాను. కొత్తపొడికి ఆ అవసరమేముందని ఒకసారి నాకే అనుమానం వచ్చింది. బాబాయి కంటికి తెలియనిది నాకు తెలుస్తుందా అని నోరు మూసుకున్నాను. ఊళ్లో వాళ్లందరితో పేలే నోరు సరిగ్గా అక్కడ మూతపడింది.

అప్పుడు గుర్తొచ్చింది మా చెల్లి కొడుకు స్ట్రిప్పు. నా చేతిలో పట్టుకుని కార్డు పక్కన పెట్టాను. మొదటి గడితో అచ్చం సరిపోయింది. వెంట్రుకవాసి తేడా లేదని అత్తగారికి చూపించి మరీ చెప్పాను.

మొదటి గడి నీలం. అంటే వాడిది నీలం.

చెల్లికి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మరిదికి చేశాను, స్విచ్ఛాఫ్. ఆయన పనిచేసేచోట ఫోన్లు బయట పెట్టించుకుంటారు. మళ్లీ చెల్లికి చేశాను. బాబాయి ఎవరికని అడగలేదు. ఎవరికో ఆయనకి తెలుసు. బారసాలకి బొమ్మ కొనిపెట్టానని సెలవులో ఉండి కూడా నాతో ఫోనులో పందొమ్మిది సార్లు చెప్పిన మనిషి.

మా కేకలు విని లోపలి గదిలోంచి పొడి డాక్టరు వచ్చాడు. ఆయనకి చెప్పడానికి రెండు వాక్యాలు సరిపోయాయి. ముందు నమ్మలేదు.

"కంగారుపడకు. తేల్చుకుందాం. రెండు గ్లాసులు కలుపు," అన్నాడు.

"తేల్చుకునేదేముంది సార్? కంటికి కనబడుతోంది."

"కంటికి కనబడిందనే కదమ్మా ఇంతదాకా వచ్చాం."

ఆ మాటకి బాబాయి తల దించుకున్నాడు. నేను ఒక గ్లాసులో ఉత్త నీళ్లు, ఇంకోదాంట్లో సరిగ్గా పాలు ఆపాల్సినంత గాలక్టోజ్ కలిపాను. కొలత తప్పి రెండోది ఒకసారి పారబోసి మళ్లీ కలపాల్సొచ్చింది. తెల్లపింగాణీ పలక మీద రెండు స్ట్రిప్పులు పెట్టి చెరో చుక్క వేశాను. గడియారం నొక్కాను. ఐదు నిమిషాలు. రోజుకి నలభై సార్లు చూస్తాను ఆ ఐదు నిమిషాల్ని, కబుర్లు చెప్పుకుంటూ. ఈసారి మధ్యలో చెల్లికి మూడుసార్లు ఫోన్ చేసినా ఇంకా రెండు నిమిషాలు మిగిలే ఉన్నాయి.

"ఎత్తవే, ఎత్తవే తల్లీ," అంటున్నాను. పైకే అంటున్నానని తెలియలేదు.

గడియారం మోగింది. నీళ్ల స్ట్రిప్పు తెల్లగా ఉంది, అప్పుడే ఉతికిన గుడ్డంత తెల్లగా. రెండోది లేతనీలం. పొడి డాక్టరు దాన్ని పట్టకారుతో పట్టుకుని కార్డు మీదికి తెచ్చాడు. రెండో గడి మీద పెట్టాడు, కలవలేదు. మొదటి గడి మీద పెట్టాడు. స్ట్రిప్పు ఎక్కడ ఆగిందో గడి ఎక్కడ మొదలైందో తెలియలేదు.

ముగ్గురం వంగి దాన్నే చూస్తున్నాం. బాబాయి ఒక కన్ను మూసుకుని ఉన్నాడు.

"ఆసుపత్రిలో ఎంతమందికి చేశారు?" అన్నాడు పొడి డాక్టరు. ఆయనకి తెలుసు, అయినా నన్నే అడిగాడు. రెండు నెలలుగా ఒక ప్రసూతి ఆసుపత్రి మా స్ట్రిప్పుల్ని వాడి చూస్తోంది.

"మూడు వందల పన్నెండు."

ఆయన స్టూలు మీద కూచుండిపోయి హెడ్ నర్సుకి ఫోన్ చేశాడు. స్పీకరులో ఆవిడ గొంతు హుషారుగా ఉంది. "చాలా బావున్నాయి డాక్టర్‌గారూ! అందరిదీ మొదటి గడే రాసుకున్నాం. స్ట్రిప్పులా? అవెందుకుంటాయి, అదే పూట పారేస్తాం. ఉన్నా లాభమేముంది, పది నిమిషాలకి మీ రంగు ఉండదుగా? పిల్లలంతా ఇళ్లకెళ్లిపోయారు. ఏం, మళ్లీ ఇంకో పెట్టె పంపుతారా?"

"వాడొద్దు," అన్నాడాయన. "ఒక్కటి కూడా వాడొద్దు. ఆ పిల్లల అడ్రసులన్నీ తీసి పెట్టండి, నేనొస్తున్నాను." ఎందుకని ఆవిడ అడుగుతుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఫోనుని రెండు చేతుల్లో పట్టుకుని అలాగే కూచున్నాడు.

మూడు వందల పన్నెండు మంది గురించి నేనేం ఆలోచించానని అడిగితే, ఏమీ ఆలోచించలేదు. నేను మంచిదాన్నని చెప్పుకోను. నాకు ఒక్కడే కనబడుతున్నాడు.

"సార్, వాడిది లేతనీలమే కదా?" అన్నాను. "ముదురు కాదు. కొంచెమే ఉందేమో. కొంచెమైతే ఫరవాలేదేమో కదా సార్?"

పొడి డాక్టరు నా వైపు చూసి మళ్లీ చూపు తిప్పుకున్నాడు. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు, అదో పెద్ద లోపం.

"కక్కుతున్నాడన్నావు కదమ్మా. కక్కేస్తే లోపలికి పోయింది తక్కువ. అందుకని స్ట్రిప్పులో తక్కువే కనబడుతుంది. ఆ తర్వాత కూడా పాలు..." ఆగాడు. "తర్వాత పట్టారా?"

"పట్టమన్నాను. గంట గంటకీ పట్టమన్నాను."

బాబాయి వచ్చి నా భుజం మీద చెయ్యి వేయబోయి, వేయడానికి తనకి హక్కుందో లేదో తెలియనట్టు వెనక్కి తీసుకున్నాడు. నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు. కోపం వస్తే బాగుండేది, పట్టుకోడానికి ఒకటుండేది. చేతులు కాలాక ఆకులు వెతుక్కున్నట్టుంది నా పని, ఆ ఆకులు కూడా దొరకడం లేదు. చెల్లి ఇల్లు ఇక్కణ్నుంచి బస్సులో గంటన్నర. ఏ బండి ఎక్కినా గంట. ఆ గంటలో ఇంకోసారి పడతారు.

బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగుతూ చెల్లికి ఆరోసారి చేశాను. నాలుగు మోతల తర్వాత ఎవరో ఎత్తారు.

"చిన్నీ!"

"చిన్ని కాదమ్మా, నేను." అత్తగారి గొంతు. "దాన్ని ఇప్పుడే పడుకోమన్నాను, రాత్రంతా కూచునే ఉంది. ఫోను వంటింట్లో ఉండిపోయింది, చూసుకోలేదు."

"అత్తయ్యగారూ, బాబుకి పాలు ఆపేయండి. ఒక్క చుక్క కూడా పట్టొద్దు. నేను తప్పు చెప్పాను. మీరన్నదే నిజం, వాడికి పాలు పడవు. వాణ్ని తీసుకుని పెద్దాసుపత్రికి బయల్దేరండి, గాలక్టోజ్ అని చెప్పండి, కాదు కాదు, ఏమీ చెప్పొద్దు, నేనే ఫోన్ చేస్తాను, మీరు బయల్దేరండి చాలు."

మెట్ల మధ్యలో ఆగిపోయాను. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాను. ఆ రోజు నేను చెప్పలేదా అంటుందని, పెద్దంతరం చిన్నంతరం లేకుండా మాట్లాడావే అంటుందని. అననీ, ఎంతసేపైనా అననీ అనుకున్నాను. దారిలో అనొచ్చు, ముందు బయల్దేరితే చాలు.

ఆవిడ తిట్టలేదు. అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది, ఆవిడ కూచున్నట్టుంది.

"ఆపడానికేముందమ్మా," అంది మెల్లగా. "రాత్రి దాకా తాగాడు. పొద్దున్నుంచీ వాడే మానేశాడు. నోట్లో పెట్టినా పట్టుకోవట్లేదు. అరికాలు గిల్లినా కదలట్లేదు. ఇన్నాళ్లూ ఏడ్చి ఏడ్చి అలిసిపోయాడు కదా, హాయిగా నిద్రపోతున్నాడని చెల్లికి చెప్పాను. అది నమ్మి పడుకుంది." తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది, ఆవిడ గొంతు బాగా తగ్గించింది. "నిద్రేనంటావా అమ్మా?"